ఫోన్ ఎవరి దగ్గరుంది?

2016 ఆగస్టు 19న రియోలో కరోలినా మారిన్ చేతిలో ఓడి సింధు రజతం తెచ్చుకున్నాక, పుల్లెల గోపీచంద్ విలేకరులతో చెప్పిన మాటల్లో ఒకటి ఆమె ఫోన్ గురించి. మూడు నెలలుగా సింధు దగ్గర ఫోన్ లేదనీ, ఇక ముందుగా చేయబోయే పని దాన్ని తిరిగివ్వడమేననీ అన్నాడు. తీపి పెరుగు, ఐస్‌క్రీమ్ కూడా మాన్పించాననీ, ఇప్పుడు కావలసింది తినొచ్చనీ అన్నాడు. ఆ వార్తని మనం ముచ్చటపడి చదువుకున్నాం. వాట్సాప్‌లో ఒకరికొకరం పంపుకున్నాం కూడా. ఫోన్ లేకపోవడం ఎంత గొప్పదో ఫోన్లోనే చదివి, ఫోన్లోనే మెచ్చుకున్నాం.

నాకు మాత్రం అది ఎక్కడో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఆమెకి అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఒక ఆఫీసులో మేనేజరు, తన కింద పనిచేసే ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి ఫోన్ తీసుకుని మూడు నెలలు బీరువాలో పెట్టాడంటే ఊరుకుంటామా? పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది. మరి ఆటలో ఎందుకు తప్పనిపించదు? నిజంగా తప్పు కాదు గనకనా, పతకం వచ్చింది గనకనా?

పతకం సంగతి ముందు తేల్చేస్తాను, అది తేలిక. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి ప్రకాశ్ పదుకోణ్ కూడా లక్ష్యసేన్ ఫోన్ తీసేసుకున్నాడు. మ్యాచులన్నీ అయ్యేదాకా ఇవ్వనన్నాడని లక్ష్యసేనే తర్వాత ప్రధానమంత్రితో నవ్వుతూ చెప్పాడు. కాంస్యం కోసం ఆడిన మ్యాచులో లక్ష్యసేన్ మొదటి గేమ్ గెలిచి, మిగతా రెండూ మలేషియా ఆటగాడు లీ జీ జియాకి వదులుకున్నాడు. ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన భారతీయులు ఇద్దరే, 1980లో పదుకోణ్, 2001లో గోపీచంద్. ఇద్దరూ తమ శిష్యులకి ఒకటే మందు వేశారు. ఒకరికి రజతం వచ్చింది, ఒకరికి నాలుగో స్థానం. ఇటు చూస్తే, 2022 మేలో థామస్ కప్ గెలిచిన మన జట్టు ‘ఇట్స్ కమింగ్ హోమ్’ అని వాట్సాప్ గ్రూపు పెట్టుకుని మరీ బ్యాంకాక్ వెళ్లింది. గుంటూరు కిడాంబి శ్రీకాంత్ ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. కాబట్టి ఫోన్‌కీ పతకానికీ లంకె ఉందని నేను నమ్మను. ఏకాగ్రతకీ ఫోన్‌కీ లంకె ఉందా అంటే, ఉంది. అది వేరే మాట.

2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా స్విమ్మర్ ఎమిలీ సీబోమ్ వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ హీట్స్‌లో ఒలింపిక్ రికార్డు కొట్టింది. ఫైనల్లో రెండోది వచ్చింది. ఏడుస్తూనే చెప్పింది, ట్విట్టర్లో ఫేస్‌బుక్‌లో అందరూ బంగారం నీదే అంటుంటే చదువుతూ కూర్చున్నాననీ, ఈదకముందే గెలిచేశానని తనకే అనిపించడం మొదలైందనీ. గమనించండి, ఆమెని దెబ్బతీసింది తిట్లు కాదు, పొగడ్తలు. తిట్లయితే పళ్లు బిగబట్టి ఆడొచ్చునేమో. ముందే చేతికొచ్చేసిన గెలుపుతో ఏం చేస్తాం?

మన అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకాయన పనే అప్రస్తుత ప్రసంగం. అవధాని ఒకవైపు సమస్య పూరిస్తూ, దత్తపదికి పాదం కడుతుంటే ఈయన మధ్యలో దూరి పచ్చిమిరపకాయ బజ్జీల గురించి అడుగుతాడు. అవధాని చమత్కారంగా జవాబిచ్చి, వదిలేసిన పాదం దగ్గరికి తిరిగి రావాలి. మనవాళ్లు ధ్యాస మళ్లించేవాడిని సభలోంచి గెంటేయలేదు, పేరుపెట్టి కుర్చీ వేశారు. నాకు ఈ ఏర్పాటు చాలా ఇష్టం. కానీ ఆ కుర్చీ ఒక్కటే. ఆయనా సాహిత్యం తెలిసినవాడే, సభ ముగిశాక అవధానితో కలిసి భోజనానికి కూర్చుంటాడు. సింధు ఫోన్లో ఉండే అప్రస్తుత ప్రసంగులు లక్షల్లో ఉంటారు, వాళ్లకి సభా లేదు, మర్యాదా లేదు. అందులో ఎవరికి జవాబివ్వాలి, ఎవరిని వదిలేయాలి అన్న ఎంపికే ఒక పని. సెమీఫైనల్ ముందు రాత్రి పెట్టుకోదగిన పని కాదు.

అందుకని గోపీచంద్ చేసింది నాకు అర్థమవుతుంది. ఇంకా చెప్పాలంటే, అది మనకి తెలియని పద్ధతేం కాదు. అయ్యప్ప దీక్షలో మాల వేసేది గురుస్వామే. కానీ వేయమని వెళ్లి అడిగేది మనం. మండలం రోజులు చెప్పులుండవు, మంచం ఉండదు, మాంసం ఉండదు. ఎవడో మన చెప్పులు లాక్కున్నాడని దాన్ని ఎవరమూ అనుకోం. ముందొక రోజు తెలివిగా ఉన్న మనిషి, తర్వాత రాబోయే బలహీన క్షణాల కోసం తన చేతుల్ని తానే కట్టించుకోవడం అది. స్వేచ్ఛ పోవడం కాదు, స్వేచ్ఛని వాడుకునే తీరుల్లో అదొకటి. ఇరవై ఒక్కేళ్ల ఆటగత్తె తన ఫోన్ తెచ్చి గురువు చేతిలో పెడితే అది దీక్షే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, బయటనుంచి చూసేవాడికి దీక్షా శిక్షా ఒకేలా కనిపిస్తాయి. రెండిట్లోనూ ఫోన్ బీరువాలోనే ఉంటుంది.

గోపీచంద్ పుట్టింది నాగండ్లలో. అప్పట్లో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మా అమ్మమ్మ వాళ్లది ఆ ఇంకొల్లు వైపే కాబట్టి ఆ నల్లరేగడి మనుషుల పట్టుదల నాకు కొంచెం తెలుసు. మా వైపు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నా ఈడు వాళ్లకి ఫోన్ లాక్కోవడం కొత్త సంగతి కాదు. ఇంటర్ రెండేళ్లూ ఎత్తుగోడల హాస్టళ్లలో అలాగే గడిచాయి. పత్తి మీద వచ్చింది అప్పులవాళ్లకి పోతే, మిర్చి మీద వచ్చింది కాలేజీ ఫీజుకి పోయేది. మా పిన్ని కూతుర్ని చేర్పించిన ఏడాది బాబాయి, రేటు వచ్చేదాకా మిర్చిని ఏసీలో పెట్టుకునే ఓపిక లేక, యార్డులో ఆ రోజు ఏ ధర పలికితే ఆ ధరకే టిక్కీలన్నీ ఇచ్చేసి వచ్చాడు. ఫీజు మొదటి విడత కట్టాలి మరి.

2016 ఆగస్టులో అది సెకండియర్. రియో అయిన వారంలోనే వాళ్ల ప్రిన్సిపాల్ పొద్దున్నే అందర్నీ నిలబెట్టి సింధు ఫోన్ కథ చెప్పాడట. చూశారా, ఒలింపిక్ పతకం ఎలా వస్తుందో, మీకేమో ఫోన్లు కావాలి అని. అప్పటిదాకా ఆదివారం ఇంటికి చేసుకునే ఫోన్‌కి పది నిమిషాలిచ్చేవాళ్లు. ఆ నెలనుంచి ఐదు చేశారు. ఆఫీసు గదిలో ల్యాండ్‌లైన్, పక్కన వార్డెను కుర్చీ. ఆ దసరా ముందు దీనికి వారం రోజులు జ్వరం కాసింది. ఆదివారం రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ “బాగున్నాను నాన్నా” అనే చెప్పింది. వార్డెను ముందు ఇంకేం చెబుతుంది? దసరా సెలవులకి వచ్చినప్పుడు దాన్ని చూసి పిన్ని బస్టాండులోనే ఏడ్చేసింది.

మొన్నామధ్య హైదరాబాదులో కలిసినప్పుడు ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పాను. “సింధు తనే తెచ్చిచ్చి ఉంటుందిలే అక్కా” అంది. “మమ్మల్ని ఎవరడిగారు?” కాసేపాగి ఇంకోటి కూడా అంది. ఫోన్ లేనందుకు దానికి బాధ లేదట. ఆ గోడల లోపల తన తరఫున మాట్లాడే మనిషి ఒక్కడూ లేకపోవడం బాధ అట. “గోపీచంద్ అయితే ఆ అమ్మాయికి జ్వరమొస్తే డాక్టర్ని పిలుస్తాడు కదా.”

నేను రెండు వారాలుగా తడుముకుంటున్న మాట అది ఒక్క ముక్కలో అనేసింది. ఒక మనిషి నోరు కాసేపు తన దగ్గర పెట్టుకున్నవాడికి, ఆ కాసేపూ ఆ మనిషి కోసం మాట్లాడాల్సిన బాధ్యత వస్తుంది. ఈ రెండోది చేయనివాడికి మొదటిదాని మీద హక్కు లేదని నా వాదన. క్రీడాసంఘాలు, బోర్డులు, సెలెక్టర్లు మౌనాన్ని అడుగుతారు. టోర్నీ అయ్యేదాకా ఏం మాట్లాడొద్దు, ఏం పోస్ట్ చేయొద్దు, దేశం పరువు అంటారు. ఆ మౌనానికి బదులుగా ఏమిస్తారన్నది ఎవరూ అడగరు.

దీనికి మా గుంటూరులోనే ఒక ఉదాహరణ ఉంది. అంబటి రాయుడు గుంటూరులో పుట్టినవాడు. 2019 ప్రపంచకప్‌కి జట్టుని ఎంపిక చేసిన కమిటీ పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్, ఆయనా గుంటూరు వాడే. ఏప్రిల్ 15న జట్టు ప్రకటించారు. నాలుగో స్థానంలో ఆడతాడని ఏడాదిగా అనుకుంటున్న రాయుడి పేరు లేదు. విజయ్ శంకర్ పేరుంది. ఎందుకని అడిగితే, అతను బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడు, మూడు డైమెన్షన్లు ఉన్నాయి అని ఎమ్మెస్కే విలేకరులకి చెప్పాడు. మర్నాడు రాయుడు ట్వీట్ చేశాడు. ప్రపంచకప్ చూడ్డానికి కొత్త త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని. అంతే, ఒక్క వాక్యం. ఒక తిట్టు లేదు, ఒక పేరు లేదు.

ఆ వారం మా ఇంట్లో అదే గొడవ. “సెలెక్టర్ మీద సెటైర్లేస్తే రేపు ఎవడు తీసుకుంటాడ్రా?” అన్నాడు మావయ్య. “వేయనప్పుడు తీసుకున్నారా నాన్నా?” అన్నాడు బావ.

శ్రీనాథుడి పేరుమీద పల్నాటి చాటువులు ప్రచారంలో ఉన్నాయి కదా. రాజుల దగ్గర కనకాభిషేకాలు చేయించుకున్న కవి, నీళ్లు కూడా సరిగా దొరకని చోట తిరగాల్సి వచ్చినప్పుడు కడుపుమంటంతా నాలుగు పాదాల్లో కక్కేవాడు. చాటువు లక్షణం అదే. చెప్పుకోడానికి కొలువు లేనివాడు, ఊరి నోట పడేలా ఒక మాట విసురుతాడు. రాయుడి ట్వీట్ నాకు అచ్చం చాటువులా కనిపిస్తుంది. సెలెక్టర్ మాటకి మైకులున్నాయి, ప్రెస్ మీట్ ఉంది, వెనక బోర్డు బ్యానరుంది. యాభై అయిదు వన్డేల్లో నలభై ఏడు సగటున్న బ్యాట్స్‌మన్‌కి ఉన్నది చేతిలో ఫోనొక్కటే. ఆ ఫోన్ కూడా పెట్టేయమనడం న్యాయమా? తర్వాత ఎమ్మెస్కే ఆ ట్వీట్ బాగుందనీ, ఎంజాయ్ చేశాననీ అన్నాడు. పెద్దమనిషి తరహా జవాబే, కాదనను. కానీ గెలిచినవాడికి చమత్కారం ఆస్వాదించడం కష్టమేం కాదు.

రాయుణ్ని స్టాండ్‌బైగా పెట్టారు. టోర్నీ మధ్యలో విజయ్ శంకర్ కాలికి దెబ్బ తగిలితే, స్టాండ్‌బైలో లేని మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు. జులై 3న రాయుడు బోర్డుకి మెయిల్ రాసి రిటైరైపోయాడు. (తర్వాత వెనక్కి తీసుకున్నాడు. ఆయన రాకపోకలన్నీ అలాగే ఉంటాయి. 2022 మేలో ఇదే నా చివరి ఐపీఎల్ అని ట్వీట్ చేసి తీసేశాడు. 2023 డిసెంబరు చివర్లో రాజకీయ పార్టీలో చేరి, పది రోజులు తిరక్కముందే వదిలేస్తున్నట్టు మళ్లీ అక్కడే ప్రకటించాడు. కొందరికి డ్రాఫ్టులో పెట్టుకునే అలవాటుండదు.)

ఇక్కడిదాకా నేను రాయుడి పక్షమే. కానీ ఆ చాటువు తగిలిన మూడో మనిషి ఒకడున్నాడు. విజయ్ శంకర్ ఏ కమిటీలోనూ కూర్చోలేదు, ఎవరి చోటూ అడగలేదు. త్రీడీ అనే మాట అతనికి ఇంటిపేరైపోయింది. ప్రపంచకప్‌లో తను వేసిన మొట్టమొదటి బంతికే పాకిస్తాన్ ఓపెనర్ ఇమాముల్ హక్‌ని ఎల్బీగా ఔట్ చేశాడు. ఎంతమందికి గుర్తుంది? కళ్లద్దాలే గుర్తున్నాయి. పైకి విసిరిన రాయి పైవాడికి తగలకుండా పక్కవాడి మీద పడటం సోషల్ మీడియాలో రోజూ జరిగేదే. రాయుడు విసిరింది ఒక గులకరాయి. తర్వాత జనం పోగేసిన రాళ్లకి అతను బాధ్యుడా అంటే, కాడనే అంటాను. కానీ ఆ జవాబు నాకు పూర్తిగా కుదురుగా అనిపించడం లేదు.

ఎందుకంటే రాయి సూటిగా పక్కవాడి మీదకే విసిరిన సందర్భమూ మన కళ్ల ముందే ఉంది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెలంగాణ అమ్మాయి నందిని అగసర హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. గురుకులంలో చదువుకున్న పిల్ల, తండ్రి టీ అమ్మి పెంచాడు. నాలుగో స్థానంలో వచ్చింది మన దేశానికే చెందిన స్వప్న బర్మన్, అంతకుముందు ఆసియా క్రీడల ఛాంపియన్. ఇద్దరికీ తేడా నాలుగే నాలుగు పాయింట్లు. ఆ బాధలో స్వప్న, ఏ ఆధారమూ చూపకుండా, నందిని ఆడదేనా అన్న అనుమానాన్ని ట్వీట్ చేసేసింది. తర్వాత తీసేసింది, క్షమాపణా చెప్పింది. కానీ రెండు రోజులు, ఏడు ఈవెంట్లు పరిగెత్తి దూకి విసిరి గెలిచిన పతకం పట్టుకుని, నందిని మైకుల ముందు నిలబడి తనేమిటో తనకి తెలుసనీ రుజువులుంటే చూపించమనీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి స్వప్న ఫోన్ ఎవరైనా తీసి దాచి ఉంటే ఎంత బాగుండేది! ఈ మాట నేనే అంటున్నాను, పైన అన్ని పేరాలు రాసి. స్వప్నని రాక్షసిని చేయడం నాకిష్టం లేదు. నాలుగు పాయింట్లతో పతకం పోగొట్టుకున్న మనిషి గదిలో ఒంటరిగా ఏమైనా అనుకుంటుంది. మనం అందరం అనుకుంటాం. పూర్వం అలాంటి మాట తలగడలోకి వెళ్లేది, లేదంటే ఒక స్నేహితురాలి చెవిలోకి. తెల్లారేసరికి దానికదే చల్లారేది. ఫోన్ ఆ తెల్లారడం దాకా ఆగనివ్వదు. అందుకే పోటీ రోజుల మౌనంలో అర్థం ఉందంటాను. కానీ అది కాపాడాల్సింది నందినిని, స్వప్నని. బోర్డు పరువుని కాదు.

లండన్ క్రీడలకి రెండు రోజుల ముందు గ్రీసు వాళ్లు తమ ట్రిపుల్ జంపర్ పాపాక్రీస్తుని ఆఫ్రికన్ల మీద జాత్యహంకార ట్వీట్ చేసినందుకు జట్టులోంచి తీసేశారు. అది సబబే అనుకుంటాను. కానీ అదే లండన్లో, ఒలింపిక్ స్పాన్సర్లు కాని తమ సొంత స్పాన్సర్ల పేరెత్తకూడదన్న నిబంధన మీద అమెరికా అథ్లెట్లు ట్విట్టర్లో ఎదురుతిరిగారు. ఆ రోజుల్లో నోరు మూసుకోమన్నది ఎవరినీ కాపాడ్డానికి కాదు, కంపెనీల ఒప్పందాల కోసం. రెండూ ‘సోషల్ మీడియా క్రమశిక్షణ’ అనే ఒక్క మాట కిందే నడుస్తాయి. మనం ఆ మాట వినగానే తలూపేస్తాం, గురువుగారు ఫోన్ దాచిన కథ గుర్తొచ్చి.

పారిస్‌లో లక్ష్యసేన్ ఓడిన రోజు పదుకోణ్ ఆటగాళ్లు ఇకనైనా బాధ్యత తీసుకోవాలన్నాడు. సౌకర్యాలన్నీ ఇచ్చాం, ఇక గెలవాల్సింది వాళ్లే అన్నాడు. దానికి జవాబు అశ్విని పొన్నప్ప ఇన్‌స్టాగ్రామ్‌లో రాసింది. గెలిస్తే పేరు అందరిదీ, ఓడితే తప్పు ఆటగాడొక్కడిదేనా, కోచ్‌లకి బాధ్యత లేదా అని. అదే ఒలింపిక్స్‌లో ఆడి ఓడి వచ్చిన అమ్మాయి, క్రీడలు ఇంకా నడుస్తుండగానే. ఆ ఒక్క పోస్టు లేకపోతే ఆ రోజు వినిపించిన గొంతు ఒకటే ఉండేది, అది ఫోన్ తీసుకున్నవాడి గొంతు.

సింధు దగ్గరికే వస్తాను. 2020 అక్టోబరులో ఆమె ట్రైనింగ్ కోసం లండన్ వెళ్తే, ఇంట్లో గొడవలు పడి వెళ్లిందని ఒక పత్రిక రాసింది. గోపీచంద్‌తోనూ పడటం లేదని. ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరి ద్వారానూ చెప్పించలేదు. సోషల్ మీడియాలో తనే రాసింది. అమ్మానాన్నలతో తగువేం లేదు, కోచ్ గోపీచంద్‌తో ఇబ్బందేం లేదు, ఇలాంటి రాతలు ఆపకపోతే చట్టప్రకారం చర్య తీసుకోవాల్సి వస్తుంది అని. నాలుగేళ్ల కింద ఎవరైతే ఆమె ఫోన్ దాచారో ఆయన మీద పడిన మాటని కూడా ఆ ఫోన్తోనే తుడిచింది.

ఆ మర్నాటి ఏడాది, 2021 ఆగస్టు 1న, టోక్యోలో చైనా అమ్మాయి హె బింగ్‌జియావోని వరుస గేముల్లో ఓడించి కాంస్యం గెలిచింది. అప్పటికి కోచ్ మారాడు, కొరియా నుంచి వచ్చిన పార్క్ తే సాంగ్. ఐస్‌క్రీమ్ మళ్లీ వార్తయింది, ముందే మాటిచ్చినట్టు ప్రధాని ఆమెతో కూర్చుని తిన్నారు. ఫోటోలు వచ్చాయి. ఫోన్ ఊసు మాత్రం ఆ ఏడు నా కంట పడలేదు.